మోకాలు ఆపరేషన్ అయింది సరే, ఫిజియో ఎవరు చేపిస్తున్నరు?

మోకాలు మార్పిడి ఆపరేషన్ అయినోళ్లను చూడనీకి పోయినోళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒక్క తీరే ఉంటయి. ఏ దవాఖాన, ఏ డాక్టరు, ఎంతయింది, ఆరోగ్యశ్రీ వర్తించిందా, స్టీలు ఏసిన్రా ఇంకేదన్న ఏసిన్రా, ఎన్నేండ్లు వస్తదట. మా అమ్మకు కుడి మోకాలు ఆపరేషన్ అయినంక నల్లగొండల మా ఇంటికి వచ్చిన చుట్టాలు, పక్కింటోళ్లు, ఊరికెళ్లి వచ్చినోళ్లు అందరూ ఇవే అడిగిన్రు. ఫిజియో ఎవరు చేపిస్తున్నరు, కాలు ఎంతవరకు వంగుతుంది, చాపితే మోకాలు వెనక భాగం మంచానికి ఆనుతుందా అని అడిగినోళ్లు ఒక్కరు గూడ లేరు. ఆ కాలు రేపు నడుస్తదా నడవదా అనేది తేల్చేది ఈ ప్రశ్నలే, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఓపికతోని చదువుర్రి, ముఖ్యంగ ఇంట్ల అమ్మకో అత్తమ్మకో ఆపరేషన్ చేపియ్యాలని అనుకుంటున్నోళ్లు.

నేను చెప్పేది ఒక్కటే. మోకాలు మార్పిడిల ఫిజియోథెరపీ వైద్యంల సగం వాటా. దాన్ని వైద్యం లెక్క చూసేటోళ్లు మాత్రం మన దగ్గర చాన తక్కువ. దవాఖానోళ్లు డిశ్చార్జ్ కాయితం మీద ఒక్క లైన్ రాసి పంపిస్తరు, ఇన్సూరెన్సోళ్లు ఇంటికొచ్చి చేసిన ఫిజియో బిల్లు చెల్లదంటరు, చుట్టాలేమో పాపం కాలు కదిలియ్యకు అంటరు, పేషెంటుకు ఎట్లాగు నొస్తది గనుక వాళ్ల మాటే వినబుద్ధి అయితది. ఇట్ల తలా ఒక దిక్కు వదిలేస్తే లక్షలు పెట్టి ఏపిచ్చిన మోకాలు వంగదు.

ఆపరేషన్ల ఏం చేస్తరో ముందు తెల్సుకోవాలె. తొడ బొక్క కింది కొస, కాలి బొక్క పై కొస అరిగిపోయి ఉంటయి గదా, ఆ రెండు కొసలను కొన్ని మిల్లీమీటర్ల మందం కోసి తీసి, వాటి మీద మెటల్ తొడుగులు తొడిగి, మధ్యల గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి పెడ్తరు. బొక్కకు బొక్క రాసుకునే నొప్పి పోతది, వంకరపోయిన కాలు సాపుగ అయితది. డాక్టరు చెయ్యగలిగిన పని అంతవరకే. ఆ కీలును నడిపియ్యాల్సింది తొడ ముందు భాగంల ఉండే పెద్ద కండరం, క్వాడ్రిసెప్స్ అంటరు, అది ఏండ్లకేండ్లు నొప్పితోని కాలు దాచుకొని నడిచి నడిచి అప్పటికే సన్నబడి ఉంటది. ఆపరేషన్ తోని దానికి బలం రాదు, పైపెచ్చు మొదటి నెలల దాని బలం ఉన్నదాంట్లకెళ్లి సగానికంటే ఎక్కువ పడిపోతదని కొలిచి చూసినోళ్లు రాసిన్రు. బోరుల కొత్త మోటరు దింపి కరెంటు లైను గుంజకుంటే నీళ్లు రావు గదా, ఇదీ అంతే.

ఎందుకు పడిపోతదంటే, కోత పెట్టినందుకే అనుకుంటరు చానమంది, అది కొంతే. అసలు కారణం వాపు. మోకాల్ల వాపు ఉన్నంతసేపు ఆ కీలు చుట్టున్న నరాలు వెన్నుపాముకు కబురు పెడ్తయి, ఇక్కడ ఏదో తేడా ఉంది తొడ కండరాన్ని ఆపు అని, మనం ఎంత గట్టిగ అనుకున్నా ఆ కండరం పూర్తిగ బిగవదు. 1980లల్ల డాక్టర్లు బాగున్న మోకాళ్లల్ల సిరంజితోని 20, 30 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించి చూస్తేనే తొడ లోపలి దిక్కు కండరం పని తగ్గిపోయింది. అంటే ఒకటిన్నర, రెండు పెద్ద స్పూన్ల నీళ్లు. మరి ఆపరేషన్ అయిన మోకాలు గుమ్మడికాయంత ఉబ్బి ఉంటే ఆ కండరం ఎంత మొద్దుబారి ఉంటదో ఆలోచించుర్రి. అందుకే ఫిజియో వచ్చిన మొదటి రోజు నుంచే ఐసు పెట్టమంటరు, కాలు ఎత్తుమీద పెట్టమంటరు, పాదం పైకి కిందికి ఆడించమంటరు, తొడ బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టమంటరు. చూసేటోళ్లకు గిదేం ఎక్సర్‌సైజు, గింత చిన్నది అనిపిస్తది. పడుకొని తొడ బిగబట్టుడు అంటే ఆపిన కండరాన్ని మళ్ల లేపుడు, పాదం ఆడిస్తే పిక్కలల్ల రక్తం నిల్వ ఉండి గడ్డ కట్టకుంట ఉంటది. ఆ చిన్న పనులల్ల అంత ఉంది.

మా అమ్మ ముప్పై ఏండ్లకు పైగ నాట్లు ఏసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. నాట్లంటే నడుం వంచుడే అనుకుంటరు గానీ బురదల కాలు దిగబడి మళ్ల గుంజుకునే ప్రతిసారీ బరువంతా మోకాలు మీదనే. మా దిక్కు మోకాళ్ల నొప్పులంటే జనం ముందుగాల ఫ్లోరైడ్ పేరే చెప్తరు, అందుకు కారణం ఉంది, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు నీళ్లు తాగి బొక్కలు వంకరపోయినోళ్లను మేం చిన్నప్పటి నుంచి కండ్లతోని చూసినం. హైదరాబాద్ల జాతీయ పోషకాహార సంస్థ సైంటిస్టులు మన నల్లగొండ జిల్లాల మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి 1973లనే లాన్సెట్ పత్రికల రాసిన్రు. 2015ల చౌటుప్పల్ల మిషన్ భగీరథ పైలాన్ పడ్డది, ఊర్లకు నదీజలాలు వచ్చినయి. అయితే ఆ ఫ్లోరైడ్ కాలం మనుషులల్ల ఒక మాట మిగిల్చిపోయింది, మన బొక్కలు గింతే, మన నీళ్లు గింతే, మన రాత గింతే అని. అమ్మ మోకాలు ఎక్స్‌రే చూసి డాక్టరు ఇది వయసు తోని, పని తోని అరిగిన కీలు అని సాపుగ చెప్పినా, మా ఊరోళ్లు మాత్రం ఆపరేషన్ అయినంక గూడ మన బొక్కలకు ఎంత జేస్తే ఏం లాభం అన్నరు. ఈ ఆశ వదులుకునుడే నాకు ఎక్కువ బాధ అనిపిస్తది, ఎందుకంటే కండరానికి ఆ చరిత్ర ఏం తెల్వదు, పని చెప్తే అది ఏ వయసుల అయినా బలపడ్తది, డెబ్బై ఏండ్లోళ్లకు గూడ.

డిశ్చార్జ్ రోజు సంగతి చెప్త. దవాఖాన పేరు వద్దు, ఇది ఒక్కదాని గోస గాదు. గోలీలు ఎప్పుడేం వేసుకోవాలో నర్సమ్మ రెండు సార్లు చెప్పింది, కుట్లు ఎప్పుడు తీస్తరో చెప్పింది, కౌంటర్ల బిల్లు లైనుకు లైను వివరంగ ఉంది. ఫిజియో గురించి ఉన్నది ఇంగ్లీషుల అచ్చేసిన ఒక జిరాక్స్ కాయితం, దాని మీద బొమ్మలు సగం మసకబారినయి. వార్డుల ఫిజియో మేడం ఉన్నది, మంచిగనే నడిపించింది, కానీ ఆమెకు ఎంతమంది పేషెంట్లో, మా మంచం కాడ నిలబడ్డది రెండు మూడు నిమిషాలు. అమ్మకు చదువు రాదు. ఆ కాయితం పట్టుకొని వంద కిలోమీటర్ల అవతల ఇంటికొచ్చినంక ఏ బొమ్మ ఎన్నిసార్లు, ఎంత నొప్పి వస్తే ఆపాలె, ఎంత నొప్పి వచ్చినా చెయ్యాలె, ఇవి ఎవరు చెప్పాలె? ఆపరేషన్‌కు ముందు సంతకాలు పెట్టిపిచ్చుకునేటప్పుడు అంత ఓపికతోని చెప్పినోళ్లు ఇంటికి పంపేటప్పుడు ఒక్క పావుగంట ఇంటోళ్లను కూసోబెట్టి తెలుగుల చూపెట్టొచ్చు, ఫోన్ల వీడియో తీస్కోనియ్యొచ్చు. దానికి కొత్త మెషిన్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

మాకు ఇంటికొచ్చి చేసే ఫిజియో పిలగాడు దొరికిండు. నాలుగున్నర ఏండ్లు బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివిన పిలగాడు, మెత్తగ మాట్లాడ్తడు, చెయ్యాల్సిన కాడ మాత్రం గట్టిగనే ఉంటడు. వచ్చిన రోజు కాలు వంచక ముందే ఆయన చూసింది కాలు చాపితే మోకాలు వెనక ఎంత సందు ఉంది అని. అందరం వంగుడు గురించి బుగులు పడ్తం గానీ ముందుగాల పూర్తిగ చాపుకునుడు రావాలని చెప్పిండు. నిలబడ్డప్పుడు మోకాలు నిటారుగ ఉంటేనే తొడ కండరానికి కొంత రెస్టు దొరుకుతది, ఐదు పది డిగ్రీలు వంపు మిగిలిపోతే ఆ కండరం నిలబడ్డంతసేపు పనిచేస్తనే ఉండాలె, మనిషి కుంటుకుంట నడుస్తడు, నడుం నొప్పి వస్తది, రెండో మోకాలు మీద గూడ బరువు పడ్తది.

అందుకే మెత్త గురించి మా ఇంట్ల రోజూ లొల్లి అయ్యేది. మోకాలు కింద మెత్త పెట్టుకుంటే హాయిగ ఉంటది, ఆ వంపుల నొప్పి తక్కువ, వచ్చిన ప్రతి చుట్టం వచ్చుడు వచ్చుడే అదే పని చేసేటోళ్లు. మా చిన్నమ్మ చండూరు కెళ్లి వచ్చి కూసోకముందే, "అక్కా, కాలు గట్ల చాపి పెడ్తే గుంజదా? జర మెత్త పెట్టుకో" అని తనే తెచ్చి పెట్టింది. అప్పుడే లోపలికి వచ్చిన ఫిజియో పిలగాడు ఆ మెత్త మెల్లగ గుంజి తువ్వాల చుట్ట చేసి మడిమె కింద పెట్టిండు, మోకాలు కింద ఖాళీ వచ్చేటట్టు, ఇంక ఇప్పుడు మోకాలును మంచానికేసి ఒత్తు అమ్మా అన్నడు. అమ్మ పండ్లు బిగబట్టి ఒత్తింది. చిన్నమ్మ మొఖం తిప్పుకుంది, ఆమెకు ఏడుపొచ్చింది. "ఏంది బాబూ, ముసలిదాన్ని గట్ల బాధపెడ్తవు" అన్నది. చిన్నమ్మ ప్రేమల ఏ లోటు లేదు. కానీ ఆ మెత్త నాలుగు వారాలు అట్లనే ఉంటే మోకాలు వెనక ఉన్న నరాలు, కండరాలు ఆ వంపులనే పొట్టిగ అయిపోతయి, తర్వాత సాపు చేసుడు చాన కష్టం.

ఎక్సర్‌సైజులు చేసేటప్పుడు అమ్మ లెక్కపెట్టే తీరు చెప్పాలె. కాలు నిటారుగ పెట్టి మంచం మీదికెళ్లి జానెడెత్తు లేపి ఆపుడు, పది లెక్కపెట్టినంక మెల్లగ దించుడు. కల్లంల వడ్లు కొలిచేటోళ్లు ఒకటి అనరు గదా, లాభం అని మొదలుపెడ్తరు. అమ్మ గూడ "లాభం, రెండు, మూడు" అనుకుంట కాలు లేపి ఆపేది, ఏడు కాడికొచ్చేసరికి ఏడు అనదు, "ఆరున్నొకటి" అంటది, మళ్ల ఎనిమిది. మొదట్ల నాలుగు కాడనే తొడ వణికి కాలు పడిపోయేది, మడిమె మంచానికి తగిలి టక్కుమనేది. ఫిజియో పిలగాడు చెయ్యి కింద పెట్టి పట్టుకునేటోడు, కానీ తను లేపకపోయేటోడు, నువ్వే లేపాలె అమ్మా, నా చెయ్యి ఊరికె ఉంది అనేటోడు. నాకు అర్థమైంది ఏందంటే ఈ పని ఇంకొకరు చేసిపెట్టేది గాదు. మాలిష్ ఇంకొకరు చేస్తరు, మందు ఇంకొకరు ఇస్తరు, కండరం మాత్రం ఆ మనిషి మెదడు ఆర్డరేస్తేనే బిగుస్తది. కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు ఒకటి తెచ్చేటోడు, వారం వారం కొలిచి గోడ క్యాలెండర్ మీద డిగ్రీలు రాసేటోడు. అమ్మ పొద్దున లేస్తనే ఆ అంకె వైపు చూసుకునేది.

ఆ అంకెలకు ఇంట్ల పనులతోని లెక్క ఉంటది. సాపు నేల మీద నడవనీకి సుమారు 65, 70 డిగ్రీలు వంగితే చాలు, మెట్లు ఎక్కనీకి 85, 90 దాక రావాలె, కుర్చీలకెళ్లి చేతులు ఆనకుంట లేవాల్నంటే ఇంకొంచెం ఎక్కువ. రెండు వారాలకు 90 దగ్గరికి వస్తే బాగున్నట్టే అంటరు. రాకుంట నెలలు గడిస్తే లోపల మచ్చకణజాలం గట్టిపడ్తది, మళ్ల మత్తు ఇచ్చి డాక్టరు చేతితోని వంచాల్సి వస్తది, అది గూడ మూడు నెలల లోపల చేస్తేనే ఫలితం బాగుంటదంటరు. మా వీధిల ఒక పెద్దమనిషికి ఆపరేషన్ మంచిగ అయింది, ఎక్స్‌రే చూస్తే అంతా సక్కగ ఉంది, ఇంటోళ్లు కాలు కింద పెట్టనియ్యకుంట పువ్వులల్ల పెట్టి చూసుకున్నరు. ఇప్పుడాయన ఆటోల కూసోవాల్నంటే కాలు బయటికి చాపి కూసోవాలె. ఆ ఇంటోళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకు చెప్పినోళ్లు లేరు, నాకు కోపం అదే.

ఎక్కువ కదిలిస్తే ఏసిన మోకాలు ఊడిపోతదేమో అని చానమందికి భయం. ఆ మెటల్‌ను బొక్కకు అతికించనీకి వాడే సిమెంటు ఆపరేషన్ థియేటర్లనే, పది పదిహేను నిమిషాలల్ల గట్టిపడ్తది. అందుకే అదే రోజో తెల్లారో వాకర్ పట్టించి నిలబెడ్తరు. ఊడిపోతదన్న భయంతోని మంచం మీద పండబెట్టుడుకు ఆధారం లేదు. ఇంకొందరు ఇంట్ల తిరుగుతనే ఉంది గదా, వంటింట్లకు పోతనే ఉంది, అదే ఎక్సర్‌సైజు అంటరు. నడుసుడు అవసరమే, కానీ వంపు మిగిలిన మోకాలుతోని, రెండో కాలు మీద బరువేసి కుంటుకుంట తిరిగితే ఆ కుంటుడే అలవాటైతది. పైగ మన ఆడోళ్లు కొంచెం లేస్తే చాలు గిన్నెలు ముందేసుకుంటరు, గంటసేపు నిలబడి సాయంత్రానికి మోకాలు ఉబ్బుతది, ఉబ్బితే కండరం మళ్ల ఆగిపోతది, రాత్రి ఎక్సర్‌సైజు చెయ్యలేరు. ఇంటి పని ఆ కొన్ని వారాలు ఎవరు చేస్తరన్నది గూడ ఫిజియోల భాగమే, దాన్ని మొగోళ్లు కొడుకులు మాట్లాడుకోవాలె, కోడలి మీదనే అంతా పడేస్తే ఆమె అత్తమ్మ ఎక్సర్‌సైజు కాడ ఎప్పుడు కూసుంటది?

రెస్టు అసలే వద్దని నేను అనను. పిక్క ఒక్కటే వాచి గట్టిపడి నొస్తే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, జరం వచ్చి కుట్ల కాడ చీము కారితే, ఎక్సర్‌సైజు ఆపి వెంటనే దవాఖానకు ఉరకాలె, ఇందుల ఆలోచన వద్దు. తాజా కోత మీద నూనె పెట్టి గట్టిగ మాలిష్ చేపిచ్చుడు గూడ వద్దు, పిక్కల గడ్డ ఉంటే అది కదిలే ప్రమాదం ఉంది. నొప్పి విషయంల మా ఫిజియో పిలగాడు చెప్పిన గుర్తు మాకు బాగ పనికొచ్చింది, వంచేటప్పుడు గుంజి, ఆపినంక కొంచెంసేపట్ల తగ్గిపోయే నొప్పి అయితే భయపడొద్దు, తెల్లారి దాక ఉండి వాపు పెంచే నొప్పి అయితే నిన్న ఎక్కువ చేసినట్టు, ఇయ్యాల తగ్గియ్యాలె. నొప్పి గోలీ డాక్టరు రాసిందే, ఎక్సర్‌సైజుకు అరగంట ముందు వేసుకునేటట్టు టైము మార్చుకున్నం, తర్వాత గుడ్డల చుట్టిన ఐసు పావుగంట. నొప్పికి ఓర్చుకో అని ఊరికె అనుడు క్రూరం, నొప్పికి ఏర్పాటు చేసి పని చేపియ్యాలె.

ఇగ పైసల ముచ్చట. 2017 ఆగస్టుల కేంద్ర ప్రభుత్వం మోకాలు ఇంప్లాంట్ల రేట్లకు హద్దు పెట్టింది. అప్పటిదాక లక్షా యాభై ఎనిమిది వేల దాక పడే మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలు 54,720 రూపాయలకు దిగింది, జీఎస్టీ వేరు. అది నిజంగ పెద్ద పని, మా లాంటోళ్లు ఆపరేషన్ గురించి ఆలోచించగలిగినం అంటే అందుల దాని వాటా ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ల 10 లక్షలకు పెంచిన్రు, అదీ మంచిదే. కానీ లోపల ఏసే మెటల్ రేటు గురించి ఇంత పట్టించుకున్నోళ్లం ఆ మెటల్‌ను నడిపిచ్చే మూడు నెలల పని గురించి ఎందుకు పట్టించుకోం? మా తమ్ముని ఇన్సూరెన్సోళ్లు ఆపరేషన్ పైసలు కట్టిన్రు, ఇంటికొచ్చి చేసిన ఫిజియో బిల్లు పంపితే చెల్లదన్నరు. సర్కారు పథకమైనా ప్రైవేటు పాలసీ అయినా మోకాలు ఆపరేషన్ ప్యాకేజీ రాసేటప్పుడే ఫిజియో సిట్టింగులు ఎన్నో అంకె ఏసి రాయాలె, అది లేకుంట ఆ ప్యాకేజీ పూర్తి గాదు. 2021ల పార్లమెంటు అలైడ్ హెల్త్‌కేర్ వృత్తులకు చట్టం తెచ్చింది, ఫిజియోథెరపీ అందుల ఉంది, వృత్తికి చట్టం వచ్చినంక ఆ వైద్యానికి బిల్లు చెల్లకపోవుడు ఏం న్యాయం?

దూరం ఇంకో సమస్య. మహబూబ్‌నగర్ల 2016ల, నల్లగొండల 2019ల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి, బీబీనగర్ల ఎయిమ్స్ ఉంది, పెద్ద దవాఖానలు లేవని ఇప్పుడు అనలేం. అయితే అచ్చంపేట అవతల తండాలకెళ్లో, కొల్లాపూర్ దిక్కు కెళ్లో, దేవరకొండ మారుమూల కెళ్లో ఆపరేషన్ అయిన ముసలమ్మ వారానికి మూడుసార్లు జిల్లా కేంద్రం పోయి ఫిజియో చేపిచ్చుకోవాల్నంటే ఎట్ల? మహాలక్ష్మి పథకంల ఆడోళ్లకు బస్సు టికెట్ ఫ్రీ, ఆ బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తుంటదో మోకాలు ఆపరేషన్ అయినోళ్లను తోలుకపోయినోళ్లకు తెల్సు, వెనక ఒకరు ఎత్తాలె ముందు ఒకరు గుంజాలె. ఆటో మాట్లాడితే పోను రాను కూలి ఒకరోజు పోతది, వెంట వచ్చిన కొడుకుదో బిడ్డదో ఇంకో కూలి పోతది. ప్రతి మండలం పీహెచ్‌సీల వారానికి ఒక్క రోజన్న ఫిజియో కూసుంటే, పల్లె దవాఖానల సిస్టరమ్మకు, ఆశక్కకు ఆ ఐదారు ఎక్సర్‌సైజులు, ప్రమాద గుర్తులు నేర్పిస్తే చానవరకు సరిపోతది. ఆశక్క బాలింత ఇంటికి పోయి చూసొస్తది గదా, ఆపరేషన్ అయిన మోకాలు ఇంటికి గూడ పోయి మెత్త ఎక్కడ పెట్టిన్రో చూడగలదు.

పెద్ద మెషిన్లు కావాలె, సెంటర్లు కావాలె అని నేను అడుగుతలేను. కాలును దానంతటదే వంచి చాపే సీపీఎం మెషిన్ కిరాయికి తెచ్చుకోమని మాకు గూడ చెప్పినోళ్లున్నరు. మోకాలు మార్పిడి తర్వాత ఆ మెషిన్ తోని చెప్పుకోదగ్గ లాభం లేదని, అప్పటిదాక జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2014 కోక్రేన్ సమీక్ష తేల్చింది, అది కాలును కదిలిస్తది గానీ కండరం తోని పని చేపియ్యదు. ఆస్ట్రేలియాల ఒక పరీక్ష చేసిన్రు, 2017ల జామా అనే వైద్య పత్రికల వచ్చింది, ఆపరేషన్ అయినోళ్లను కొంతమందిని పది రోజులు రీహాబ్ సెంటర్ల పెట్టి ఆ తర్వాత ఇంటి ఎక్సర్‌సైజులకు పంపిన్రు, కొంతమందిని సీదా ఇంటి ఎక్సర్‌సైజులకే పంపిన్రు, ఆరు నెలలకు నడకల తేడా రాలె. నాకైతే ఇది మా లాంటోళ్లకు మస్తు ధైర్యం ఇచ్చే మాట. చెప్పే మనిషి ఒకరు, చూసే మనిషి ఒకరు, ఒక తువ్వాల, ఒక కుర్చీ, ఐసు, ఇవే మన ఇండ్లల్ల కావాల్సింది. చెప్పే ఆ మనిషిని మాత్రం తీసెయ్యొద్దు, ఇంటి ఎక్సర్‌సైజులు అంటే ఎవరి ఇంట్ల వాళ్లు తోచింది చేసుకునుడు అని దవాఖానోళ్లు అర్థం చేసుకుంటే అది మోసం.

అమ్మ అయితే ఒకటే కోరిక పెట్టుకుంది, చెరువుగట్టు మీదికి మెట్లెక్కి పోవాల్నని. జడల రామలింగేశ్వరస్వామి మొక్కు పాతది, నొప్పులు మొదలైన కాడ్నుంచి బండి మీద ఘాట్ రోడ్డున పోయి దండం పెట్టుకొని వస్తుంది గానీ ఆమెకు అది లెక్కల రాదు. ఫిజియో పిలగాడు ఇది విన్న కాడ్నుంచి ఇంటి ముందు మెట్ల కాడ సాధన పెట్టిండు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, చెయ్యి గోడకు. కొన్నాళ్లకు కాలు మార్చి కాలు ఏసి ఎక్కుడు. నేలమీద సక్లముక్లం కూసోవద్దని డాక్టరు చెప్పిండు, మొదట్ల పెండ్లిండ్లకు పోతే అందరు కింద కూసున్నంక తను కుర్చీల కూసోవాల్నంటే సిగ్గుపడేది, ఇప్పుడు తనే కుర్చీ అడిగి ఏపిచ్చుకుంటది. మాఘమాసం జాతర రద్దీల వద్దని, రద్దీ తగ్గినంక ఒక సోమవారం కాకుండ మామూలు రోజు చూసుకొని పోయినం. మధ్యల ఆగుకుంట, నీళ్లు తాగుకుంట, ఎక్కింది. దిగేటప్పుడే ఎక్కువ కష్టపడ్డది, కండరం ఆపుకుంట దిగాలె గదా, బలం ఎంతుందో దిగేటప్పుడే తెలుస్తది.

ఇప్పుడు ఎవరన్న మోకాలు ఆపరేషన్ చేపిస్తున్నం అని చెప్తే డాక్టరు పేరు అడగక ముందు నేను అడిగేది వేరే. డిశ్చార్జ్ అయినంక ఫిజియో ఎవరు, ఎన్ని రోజులకొకసారి వస్తరు, దానికి పైసలు పక్కకు పెట్టిన్రా, ఇంట్ల రోజుకు మూడుపూటలా పక్కన కూసునేది ఎవరు, ఇంట్ల కమోడ్ ఉందా, మంచం ఎత్తు సరిపోతదా. దవాఖానోళ్లను గూడ అడగమంటున్న, ఎస్టిమేట్ ఇచ్చే రోజే, ఫిజియో ఇందుల ఉందా లేదా రాసియ్యుర్రి అని. పదిమంది అడిగితే పదకొండో మనిషికి వాళ్లంతట వాళ్లే చెప్తరు.

అమ్మకు ఎడమ మోకాలు గూడ చేపియ్యాల్సి ఉంది, పత్తి ఏరుడు అయిపోయినంక చేపిద్దం అనుకుంటున్నం. ఆపరేషన్‌కు ముందే తొడ కండరం బలం పెంచుకుంటే తర్వాత తొందరగ లేస్తరని ఫిజియో పిలగాడు చెప్తే ఇప్పటి నుంచే రోజు రెండుపూటలా ఎడమ కాలు లేపుతుంది. డాక్టరు తోని తేదీ మాట్లాడిన రోజే ఆ పిలగాని తోని గూడ మాట్లాడినం, ఇంటికొచ్చిన తెల్లారే వస్తనన్నడు, చిన్నమ్మను గూడ ఆ రోజు పిలిచి మెత్త ఎక్కడ పెట్టాల్నో ముందే చూపెట్టమని చెప్పిన.